తువ్వాలు కింది బేరం

మా కబ్బన్‌పేటలో ఓబళప్పను ఎరగనివాళ్లు లేరు. ఎరగకుండా ఉండనిచ్చే మనిషి కాదు ఆయన. పట్టునూలు వ్యాపారం. యుద్ధం రోజుల్లో సర్కారు విమానాల నుంచి దూకేవాళ్ల గాలిగొడుగుల కోసం పట్టు ఎగబడి కొనడంతో నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడు. ఏకాదశి వస్తే ఉపవాసం, దానిమీద మౌనం. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి మరునాటి పారణ దాకా నోరు విప్పేవాడు కాదు. ఒక ఏకాదశి నాడు తేలు కుట్టినా మూలగలేదని పేటంతా చెప్పుకునేవారు. మూలిగాడో లేదో తేలుకే తెలియాలి. ఆ మాట తన చెవిన పడినప్పుడల్లా ఆయన అవుననీ కాదనీ అనకుండా భుజం మీది తువ్వాలు సర్దుకునేవాడు.

ఆ తువ్వాలు సంగతి చెప్పాలి. మా పేటలో పట్టునూలు బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్యలో ఒక తువ్వాలు కప్పుతారు. దాని కింద చేతులు కలుస్తాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అయిదు వేళ్లూ కలిపి పట్టుకుంటే అయిదు. పదులా, వందలా అన్నది ఇద్దరికీ ముందే తెలుసు. అవతలివాడు తిరిగి నొక్కాడంటే బేరం కుదిరినట్టు. చుట్టూ పదిమంది కూర్చున్నా ధర ఎవరికీ తెలియదు. తువ్వాలు కింద జరిగినది ఎంత నష్టం వచ్చినా బయట చెప్పకూడదు. చెప్పినవాడితో తర్వాత ఎవరూ చెయ్యి కలపరు. ఓబళప్ప ముప్ఫై ఏళ్లుగా అలాగే బతికాడు. రోజూ పొద్దున ఆయన అంగడికి బయలుదేరేటప్పుడు భార్య సొన్నమ్మ ఉతికిన తువ్వాలు తెచ్చి స్వయంగా భుజాన వేసేది.

ఇక తిమ్మరాయప్ప. మా వాళ్లలో నూలు వదిలేసి షేర్ల దళారీ పనికి దిగిన మొదటి మనిషి. అవెన్యూ రోడ్డులో మేడ మీద ఒక గది, బయట ఒక బోర్డు. మొదట్లో పేటలో అందరూ నవ్వారు. అందరికంటే పెద్దగా నవ్వింది ఓబళప్పే. "కాగితాలు అమ్మి కాగితాలు కొనేది జూదం కాకపోతే ఏమప్పా?" అని భజన మందిరంలో నలుగురి ముందూ అన్నాడు. తర్వాత ఆ కాగితాలతోనే పక్క వీధిలో ఒకాయన ఇంటి మీద అంతస్తు లేపాడు. ఆ అంతస్తు ఓబళప్ప పెరట్లోకి ఎండ రాకుండా చేసింది. అప్పట్నుంచి ఆయనకు సరిగా నిద్ర పట్టలేదు.

జూదం అని అరిచిన నోటితో ఎలా అడగాలి? సిగ్గు. ఇంట్లో చక్కిలాలు చేశారు, రమ్మని తిమ్మరాయప్పకు కబురు పెట్టాడు. అతడు వచ్చి ఇంటి ముందరి జగలి మీద కూర్చుని చక్కిలం కొరుకుతుంటే, ఎక్కడో చూస్తున్నట్టు మొహం పెట్టి అడిగాడు.

"షేరంటే ఏమి తిమ్మరాయా? సుమ్మనే అడుగుతా ఉండాను, కొనేదానికి కాదు."

తిమ్మరాయప్పకు అర్థమైంది. నవ్వలేదు. అతని మంచితనం అదే. "మిల్లు పెట్టల్లంటే శానా దుడ్డు కావాల కదన్నా. ఒక్కని వల్ల కాదు. అందుకని మిల్లును వేలపాళ్లు చేసి ఊరోళ్లకు అమ్ముతారు. ఒక పాలు కొన్నోడు అంతమటుకు ఆ మిల్లుకు యజమానే. లాభమొస్తే పంచుతారు. రాకపోతే లేదు."

"మరి నాకు దుడ్డు అవసరం పడితే మిల్లోళ్లు నా పాలు ఎనక్కి తీసుకుంటారా?"

"తీసుకోరు. నీ పాలు నువ్వు ఇంకొకనికి అమ్ముకోవాల. ఆ ఇంకొకడు యాడుండాడో నీకు తెలీదు, నువ్వు యాడుండావో ఆయప్పకు తెలీదు. మీరిద్దురూ కలిసేదానికి ఒక సంత ఉండాది. అదే షేరు బజారు. మనూర్లో లేదు, బొంబాయిలో ఉండాది."

"అయితే రైలెక్కి పోవాల్నా?"

"పోయినా లోపలికి రానీరు. లోపల బేరం సభ్యులకే. నువ్వు నాకు చెప్తావు. నేను తంతి కొడతాను. బొంబాయిలో నాకు తెలిసిన సభ్యుడు లోపల కొంటాడు. ఆయనకింత దలాలి, నాకింత దలాలి. తర్వాత ఇన్ని కొంటిమి, ఈ ధరకు కొంటిమి అని చీటీ వస్తుంది. దుడ్డు కడితే షేరు కాగితాలు చేతికొస్తాయి." తిమ్మరాయప్ప చక్కిలం పక్కన పెట్టాడు. "ఒక్కటి గుర్తు పెట్టుకోన్నా. ఓబళప్ప ఎవరో బొంబాయిలో ఆయనకు తెలీదు. నా పేరు మీదే కొంటాడు, దుడ్డు నన్నే అడుగుతాడు. రేపు నువ్వు లేదంటే కట్టేది నేనే."

"నేనెందుకు లేదంటానప్పా?"

"అనవని తెలిసే కదా ఈ జగలి మీద కూచుండేది."

గడప లోపల సొన్నమ్మ మిరపకాయలు తొడిమలు తీస్తూ అంతా వింటోంది. ఓబళప్ప ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. "ధర ఎవరు కడతారు? సర్కారా?"

"ఎవరూ కట్టరు. కొనేవాళ్లు ఎక్కువైతే పైకి ఏరుతుంది, అమ్మేవాళ్లు ఎక్కువైతే దిగుతుంది. పట్టునూలు మాదిరే. నేను బొంబాయికి పోయి చూసొచ్చినాను. పెద్ద సాల, లోపల ఒకటే కేకలు. కేక వినపడకపోతే చెయ్యెత్తుతారు. అరచెయ్యి తన తట్టు తిప్పుకుంటే కొంటానని, అవతలికి తిప్పితే అమ్ముతానని."

"బట్ట కప్పకుండానా?" ఓబళప్ప నిజంగానే బిత్తరపోయాడు. "అందరూ చూస్తారు కదప్పా! సిగ్గు ల్యా వాళ్లకు?"

"చూడల్లనే. అందరూ చూస్తేనే అది ధర. ఒకసారి చెయ్యెత్తినాక లేదనేదానికి లేదు. అన్నోడు మళ్లీ ఆ సాలలో అడుగు పెట్టలేడు."

అది ఓబళప్పకు నచ్చింది. ధర బయటపడటం నచ్చలేదు కానీ మాట తప్పకపోవడం నచ్చింది. మన పద్ధతే, బట్ట ఒక్కటే తక్కువ అన్నాడు. ఒక నూలు మిల్లు పేరు చెప్పి, దాని ధర ఏరుతుంటే కాస్త చెవిన వెయ్యమన్నాడు. పేటలో ఎవరికీ తెలియకూడదని మరీ మరీ చెప్పాడు.

శ్రావణ మాసం ఏకాదశి నాడు తిమ్మరాయప్ప తంతి కాగితం జేబులో పెట్టుకుని ఆదరాబాదరా వచ్చాడు. ఓబళప్ప జగలి మీద తులసిపూసల మాల తిప్పుకుంటున్నాడు. చూడగానే తిమ్మరాయప్ప, ఏకాదశి అని గుర్తొచ్చి, నాలిక్కరుచుకున్నాడు.

"మరిచిపోతినన్నా. ఆ మిల్లు ధర బిరబిరా ఏరుతా ఉండాది, చెప్పిపోదామని వస్తిని. పారణ అయినాక మాట్లాడదాం లే."

లేవబోయాడు. ఓబళప్ప చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. రేపటికి ఇంకా ఏరితే? పక్క వీధి అంతస్తు కళ్ల ముందు కనిపించింది. భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. కప్పింది తనే. తువ్వాలు కింద మొదట ఒక వేలు పట్టాడు, అంటే నూరు షేర్లు. వదిలి మూడు వేళ్లు పట్టాడు. కళ్లు మూసుకుని దేవుణ్ణి తలచుకుని, మూడూ వదిలి అయిదు వేళ్లూ కలిపి గట్టిగా పట్టాడు, అంటే అయిదు నూర్లు. "అన్నీనా అన్నా?" అని తిమ్మరాయప్ప మెల్లగా అడిగాడు. ఓబళప్ప పట్టు బిగించాడు. అప్పుడు అతను తిరిగి నొక్కాడు. అదే సమయానికి సొన్నమ్మ తీర్థం గిన్నెతో బయటికి వచ్చింది. తువ్వాలు చూసి, గిన్నె పెట్టి లోపలికి వెళ్లింది.

ఆ రోజే తంతి వెళ్లింది. ఆ రోజే కొన్నారు. నాలుగు రోజులు ధర ఏరింది. ఆ నాలుగు రోజులూ ఓబళప్ప తన ఇంటి మీద వేయబోయే మేడకు మెట్లు ఏ వైపు పెట్టించాలో ఆలోచించాడు. తర్వాత దిగింది. దిగి, ఆగి, దబ్బున పడింది. షేరు బజారు ఎందుకు పడిందో బొంబాయి వాళ్లకే సరిగా తెలియలేదు, కబ్బన్‌పేటకు ఏం తెలుస్తుంది?

డబ్బు కట్టే రోజు వచ్చింది. తిమ్మరాయప్ప చీటీ తీసుకుని అంగడికి వచ్చాడు. అతని ఖర్మ, ఆ వేళకు అంగడిలో నలుగురైదుగురు నూలు వ్యాపారులు ఉన్నారు. వాళ్ల మధ్యలో సంఘం పెద్ద పెద్దమునియప్ప కాఫీ తాగుతున్నాడు. తిమ్మరాయప్ప తెలివిగా, "అన్నా, ఒక మాట, పక్కకు రా" అన్నాడు. పెద్దమునియప్ప ఊరుకోలేదు.

"ఏమప్పా, షేర్ల దళారీకి జూదమాడనోని అంగట్లో ఏమి పని? ఓబళప్పా, నువ్వు గాని కొంటివా ఏమి?" అని నవ్వాడు. అందరూ నవ్వారు.

ఆ క్షణంలో ఓబళప్పకు డబ్బు కాదు గుర్తొచ్చింది. భజన మందిరంలో తను జూదం అని అరిచిన అరుపు గుర్తొచ్చింది. "నేనా? నేనెందుకు కొంటానప్పా!" అనేశాడు.

తిమ్మరాయప్ప నిలబడిపోయాడు. "అన్నా, శ్రావణ ఏకాదశి పొద్దు..."

"ఏకాదశా?" ఓబళప్ప గొంతు తనకే పరాయిగా వినిపించింది. "ఏకాదశి పొద్దు నేను నోరు తెరుస్తానా? ఎవరినైనా అడుగు. తేలు కుడితేనే తెరవలే."

అంగడి గొల్లుమంది. తిమ్మరాయప్ప ఒక్కడే నవ్వలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అతణ్ణి వెనక్కి పిలవాలని ఓబళప్పకు అనిపించింది. నలుగురూ పోయాక పిలుద్దాం అనుకున్నాడు. ఆ నలుగురూ పోయేసరికి సంగతి పేట చివరిదాకా పాకింది. ఆ సాయంత్రమే పెద్దమునియప్ప ఇద్దరినీ భజన మందిరానికి రమ్మన్నాడు.

విచారణ ఎంతోసేపు పట్టలేదు.

"ఓబళప్ప నీకు నోటితో చెప్పినాడా?" పెద్దమునియప్ప అడిగాడు.

"లేదు," అన్నాడు తిమ్మరాయప్ప.

"కాగితం మీద బరిచి ఇచ్చినాడా?"

"లేదు."

"మరి ఎట్ల కొంటివి?"

తిమ్మరాయప్ప నూలు వ్యాపారుల ఇంట్లో పుట్టినవాడు. తువ్వాలు కింద జరిగినది బయట పెట్టకూడదని తాత దగ్గర నేర్చుకున్నాడు. ఓబళప్ప వైపు చూశాడు. మొహం వైపు కూడా కాదు, భుజం వైపు చూశాడు. నువ్వే చెప్పు అన్నట్టు చూశాడు. ఓబళప్ప తువ్వాలు అంచు పట్టుకుని మెడ చుట్టూ లాక్కున్నాడు. అప్పుడైనా నోరు పెగల్లేదు. ఆ రోజు ఏకాదశి కూడా కాదు.

"అయితే తప్పు నీదేనప్పా," అన్నాడు పెద్దమునియప్ప. "అడగకుండా కొంటివి. నష్టం నీదే."

తిమ్మరాయప్ప చేతులు జోడించి లేచాడు. బసవనగుడిలో ఇల్లు కట్టుకుందామని తీసుకున్న సైటు అమ్మి బొంబాయికి డబ్బు కట్టాడు. డబ్బు పోవడం ఒక ఎత్తు, పేరు పోవడం ఒక ఎత్తు. చెప్పకుండానే కొనేస్తాడంట అని పేట అంతా అనుకుంది. దళారీకి అంతకన్నా చెడ్డపేరు లేదు. ఒకరి తర్వాత ఒకరు అతని దగ్గర ఉన్న కాగితాలు వెనక్కి తీసుకున్నారు. మేడ మెట్లు ఎక్కేవాళ్లే లేకపోయారు.

ఓబళప్పకు మాత్రం మర్యాద పెరిగింది. మౌనవ్రతం ఎలా పట్టాలో పిల్లలకు చెప్పమని ఒకాయన అడిగాడు. ఇంకొకాయన కాళ్లకు మొక్కబోయాడు. ఓబళప్ప కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. అది వినయం అనుకున్నారు. కాదు, సిగ్గు. అన్నం ముందు కూర్చుంటే సిగ్గు, అద్దంలో మొహం చూసుకుంటే సిగ్గు. శిడ్లఘట్ట నుంచి నూలు తెచ్చిన ఒక ముసలాయన తువ్వాలు కింద చెయ్యి పెట్టినప్పుడు ఓబళప్ప అరచెయ్యి చెమటతో జారిపోయింది. "ఒళ్లు బాగ లేదా అప్పా?" అని ఆ ముసలాయన పాపం నిజంగానే కంగారు పడ్డాడు.

విచారణ జరిగిన మరునాడు పొద్దున ఓబళప్ప చెప్పులు తొడుక్కుని వాకిట్లో నిలబడ్డాడు. సొన్నమ్మ రాలేదు. తువ్వాలు కొక్కేనికి అలాగే ఉంది.

"ఏమే, తువ్వాలు..."

"నువ్వే తీసుకో."

"ఏమి, ఒంట్లో నలతా?"

సొన్నమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. "దాని కింద ఎన్ని వేళ్లు పట్టినావో నాకు తెలీదు. పట్టింది మాత్రం చూస్తిని. మా నాయన ఆ బట్ట కిందనే బతికినాడు. నా చేత్తో నీకు ఇంక నేను యెయ్యను." అంతే చెప్పి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఓబళప్ప తువ్వాలు తనే వేసుకున్నాడు. అది రోజంతా భుజం మీద నిలవకుండా జారుతూనే ఉంది.

రెండు మూడు సార్లు అవెన్యూ రోడ్డు దాకా వెళ్లాడు. మేడ మెట్ల కింద నిలబడ్డాడు. గుట్టుగా డబ్బు చేతిలో పెట్టి వచ్చేద్దాం అనుకున్నాడు. గుట్టుగా ఇస్తే సైటు తిరిగి వస్తుందేమో, పేరు రాదు. పేరు రావాలంటే తన పేరు పోవాలి. ఆ లెక్క ఆయనకు బాగానే తెలుసు, అందుకే ప్రతిసారీ మెట్లు ఎక్కకుండా తిరిగి వచ్చాడు. మూడోసారి వెళ్లేసరికి బోర్డు తీసేసి ఉంది.

కార్తీక ఏకాదశి వచ్చింది. భజన మందిరం కిక్కిరిసింది. ఓబళప్ప ఎప్పటిలాగే మౌనంగా ముందు వరసలో కూర్చున్నాడు. మౌనం ఆ రోజు ఆయనకు హాయిగా ఉంది, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆడవాళ్ల వైపు సొన్నమ్మ కూర్చుని ఉంది. భజన మధ్యలో తిమ్మరాయప్ప వచ్చి వెనక గోడ దగ్గర కూర్చున్నాడు. పక్కనున్నవాళ్లు కొంచెం జరిగారు. చోటు ఇవ్వడానికి కాదు.

మంగళహారతి అయ్యాక తిమ్మరాయప్ప లేచి పెద్దమునియప్పకు నమస్కారం పెట్టాడు. "రేపు రైలుకు బొంబాయికి పోతా ఉండానప్పా. అక్కడొకరి దగ్గర గుమాస్తా పని. ఆడోళ్లను, పిల్లోళ్లను తర్వాత పిలిపించుకుంటాను. తప్పేదైనా ఉంటే మనసులో పెట్టుకోవద్దు."

తప్పేదైనా ఉంటే! ఓబళప్ప అతని వైపు తిరిగాడు. రేపు రైలు పోతుంది. పోయాక తను ఎవరితో చెప్పినా అది ఈ మనిషికి చేరదు. లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి కింద పడేశాడు. జనం తోవ ఇచ్చారు. ఓబళప్ప నేరుగా తిమ్మరాయప్ప దగ్గరికి వెళ్లి అతని కుడిచెయ్యి పట్టుకుని, అందరికీ కనిపించేలా పైకెత్తాడు. ఒక వేలు పట్టాడు. వదిలి మూడు పట్టాడు. వదిలి అయిదు వేళ్లూ కలిపి గట్టిగా పట్టాడు.

ఆ మందిరంలో ఉన్నవాళ్లంతా నూలు వ్యాపారులు. వేళ్లు చదవడం రానివాళ్లు లేరు. కానీ బట్ట లేకుండా ఆ పట్టు చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. కొందరు తలలు తిప్పుకున్నారు.

"ఏమి ఓబళప్పా ఇది?" పెద్దమునియప్ప గొంతు తగ్గించి అడిగాడు.

ఏకాదశి. బదులు చెప్పనక్కర్లేదు. ఎవరూ తప్పు పట్టరు. మిగిలింది వాళ్లే అర్థం చేసుకుంటారని ఓబళప్ప ఒక్క క్షణం అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. నోరు తెరిచాడు.

"శ్రావణ ఏకాదశి పొద్దు నా జగలి మీద నేను పట్టిన పట్టు ఇదే. తువ్వాలు కప్పింది నేను. కొనమనింది నేను. ఆయప్ప అన్నీనా అని అడిగినాడు కూడా. అబద్ధం చెప్పింది నేను. ఆయప్ప నా గుట్టు దాచి నష్టం మోసినాడు."

పాతికేళ్ల మౌనవ్రతం అందరి ముందూ అలా పోయింది. తేలు కథ కూడా దానితోనే పోయింది. ఓబళప్ప ఇంకా ఆ చెయ్యి పట్టుకునే ఉన్నాడు. తిరిగి నొక్కుతాడేమోనని చూశాడు. తిమ్మరాయప్ప నొక్కలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నాడు గానీ వేళ్లు కదపలేదు.

"ఇన్ని దినాలు పట్టిందా అన్నా నీకు?" అన్నాడు. మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. "కాగితాలు నా దగ్గరే ఉండాయి. రేపు పొద్దున్నే రా. కొన్న ధర ఇచ్చి తీసుకుపో. రైలు సంగతి తర్వాత చూస్తాను."

పెద్దమునియప్ప తల వంచుకుని తిమ్మరాయప్ప పక్కన వచ్చి నిలబడ్డాడు. ఓబళప్పతో ఎవరూ మాట్లాడలేదు. ఆయన ఉత్త భుజంతో వీధి వెంట నడిచి ఇంటికి వచ్చాడు. అంగళ్ల ముందు కూర్చున్నవాళ్లు చూశారు. చూడనీ అనుకున్నాడు. అనుకున్నంత తేలిక కాలేదు, ఇంటి గడప దాటాక కూర్చుని ఏడ్చాడు.

కాసేపటికి సొన్నమ్మ వచ్చింది. మందిరంలో కింద పడిన తువ్వాలు ఆమె చేతిలో ఉంది. దులిపి, మడిచి ఆయన దగ్గరికి తెచ్చింది. ఓబళప్ప భుజం ముందుకు వంచాడు.

ఆమె పక్కనుంచి వెళ్లి దాన్ని కొక్కేనికి తగిలించింది.

"రేపు యేస్తాను," అంది. "ఆయప్పకు దుడ్డు ఇచ్చి రా."